పాత వరల్డ్, కొత్త వెర్షన్: మైన్‌క్రాఫ్ట్‌లో కట్టిన సాగర్ డ్యామ్ అప్‌డేట్ తర్వాత ఏమవుతుంది?

బ్లాకులు పేర్చి సొంత లోకాలు, అంటే వరల్డులు, కట్టుకునే వీడియో ఆట మైన్‌క్రాఫ్ట్. దానికి పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ, అందులో ఏళ్ల తరబడి ఏదో ఒకటి కడుతూ వచ్చినవాళ్లకు ఒకటే టెన్షన్. పాత వరల్డ్‌ను కొత్త వెర్షన్‌లో తెరవొచ్చా? తెరిస్తే కట్టినవన్నీ ఉంటాయా? ఈ భయంతో కొందరు అప్‌డేట్ జోలికే వెళ్లరు. ఇంకొందరు పాతదాన్ని అక్కడే వదిలేసి ఖాళీ వరల్డ్‌తో మళ్లీ మొదలుపెడతారు. రెండూ అనవసరంగా కొని తెచ్చుకునే నష్టాలే. కట్టిన గోడకు కొత్త వెర్షన్ వల్ల వచ్చే ముప్పు చాలామంది అనుకునే దానికంటే బాగా తక్కువ. మార్పు ఎక్కువగా కనిపించేది ఇంకా అడుగుపెట్టని నేలలో, ఆట నడిచే నియమాల్లో. ఇది అర్థమైతే ఏ వరల్డ్‌ను ముందుకు తీసుకెళ్లాలో, దేన్ని ఉన్నచోటే ఉంచాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవచ్చు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. నల్లగొండలో ఇంటర్ చదివే కుర్రాడు 2017లో వచ్చిన 1.12.2 వెర్షన్‌లో నాగార్జునసాగర్ డ్యామ్‌ను నిజం కొలతలతో కట్టాడనుకుందాం. ఒక బ్లాక్ అంటే ఒక మీటరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ డ్యామ్‌లో రాతికట్టడం ఒక్కటే దాదాపు 1,450 మీటర్ల పొడవు. ఎత్తు 124 మీటర్లు. గేట్లు 26. ఆటలోని నేల మొత్తం 16 బ్లాకుల పొడవు, 16 బ్లాకుల వెడల్పు ఉన్న ముక్కలుగా ఉంటుంది. వీటినే చంకులంటారు. రాతికట్టడాన్ని తిన్నగా ఒక దిక్కుకు కడితే ఈ చివర నుంచి ఆ చివరకు 91 చంకులు పడతాయి. సేవ్ ఫోల్డర్‌లో అటు 32 చంకులు, ఇటు 32 చంకులు కలిసి ఒక రీజియన్ ఫైలు అవుతుంది. అంటే ఒక్కో ఫైలు 512 బ్లాకుల మేర నేలను మోస్తుంది. మన డ్యామ్ ఒక్కటే తక్కువలో తక్కువ మూడు ఫైళ్లలో పరుచుకుని ఉంటుంది.

ఎత్తు దగ్గర కూడా ఒక విషయం ఉంది. 2012 మార్చిలో 1.2 వెర్షన్ రాకముందు మైన్‌క్రాఫ్ట్ వరల్డ్ ఎత్తు 128 బ్లాకులే. సముద్రమట్టం దాదాపు 63 దగ్గర ఉంటుంది కాబట్టి నీళ్ల పైన మిగిలేది 65 బ్లాకులకు మించదు. 124 మీటర్ల సాగర్‌ను అందులో ఇరికించాలంటే అడుగున పగలని రాతి పొర, బెడ్‌రాక్ దాకా తవ్వి, అక్కడి నుంచి ఆకాశం అంచు దాకా కట్టాలి. 1.2లో ఎత్తు 256 అయ్యాకే ఇంత పెద్ద కట్టడాలకు చోటు దొరికింది. 2021 నవంబర్ 30న వచ్చిన 1.18 దాన్ని ఇంకా పెంచింది. కింద మైనస్ 64 నుంచి పైన 320 దాకా, మొత్తం 384 బ్లాకులు. ఈ రెండు మార్పుల్లోనూ పాత వరల్డులను ఆట పక్కన పడేయలేదు. తలుపు తీసి లోపలికి రానిచ్చింది.

రానివ్వడం ఎలా జరుగుతుందన్నదే అసలు విషయం. వరల్డ్ తెరవగానే ఆట మొత్తం ఫోల్డర్‌ను ఒకేసారి మార్చదు. ఆడేవాడు ఏ చంకు దగ్గరికి వెళితే ఆ చంకును చదువుతుంది, కొత్త పద్ధతిలోకి మారుస్తుంది, అలాగే సేవ్ చేస్తుంది. ప్రతి చంకు తనను చివరిసారి ఏ వెర్షన్ సేవ్ చేసిందో ఒక నంబరు రూపంలో తనలోనే దాచుకుంటుంది. 1.12.2కు ఆ నంబరు 1343, 1.18కు 2860. అందువల్ల అప్‌డేట్ చేసిన నెల తర్వాత కూడా ఒకే వరల్డ్‌లో రెండు కాలాలు పక్కపక్కనే ఉండొచ్చు. కుర్రాడు రోజూ తిరిగే గేట్ల వైపు చంకులు కొత్త వెర్షన్‌లోకి వచ్చేసి ఉంటాయి. ఎడమ కాలువ వెంట హాలియా దిక్కు ఎప్పుడో కట్టి మర్చిపోయిన ఊరు మాత్రం ఇంకా 1.12.2 రూపంలోనే ఫైల్లో నిద్రపోతుంటుంది. మూడు అప్‌డేట్‌ల తర్వాత అక్కడికి వెళితే, మధ్యలోని మార్పులన్నీ ఆ చంకుకు వరసగా అప్పుడు జరుగుతాయి. ఒకేసారి పూర్తి చేయాలనుకునేవాళ్లకు వరల్డ్ ఎడిట్ మెనూలో ఆప్టిమైజ్ వరల్డ్ అనే బటన్ ఉంది. పెద్ద వరల్డ్ అయితే సమయం బాగానే తీసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయే చోట దాన్ని నొక్కేముందు ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎంత ఉందో చూసుకోవాలి. కాపీ తీయకుండా అసలు నొక్కకూడదు.

కంప్యూటర్లో ఆడే జావా ఎడిషన్ చరిత్రలో పాత వరల్డులు దాటిన అన్నిటికంటే కష్టమైన మలుపు 2018 జూలైలో వచ్చిన 1.13. అప్పటిదాకా బ్లాకులను ఆట నంబర్లతో గుర్తుపెట్టుకునేది. 35 అంటే ఉన్ని. దాని పక్కన 14 ఉంటే ఎర్ర ఉన్ని. 1 అంటే రాయి, దాని పక్కన మళ్లీ 1 ఉంటే గ్రానైట్. రెండో నంబరు 0 నుంచి 15 దాకానే ఉండేది. అందులోనే రంగు, దిక్కు, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అన్నవన్నీ సర్దాల్సి వచ్చేది. 1.13 ఈ నంబర్లన్నిటినీ తీసేసి ప్రతి బ్లాకుకూ సొంత పేరు పెట్టింది. అంటే పాత ఫైల్లో ఉన్న ప్రతి జంట నంబరుకూ కొత్తలో ఏ పేరు సరిపోతుందో ఆటకు ముందే తెలిసి ఉండాలి. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడ్డ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపూర్‌లో మళ్లీ నిలబెట్టినప్పుడు చేసిన పని ఇలాంటిదే. ఏ రాయి ఎక్కడిదో పక్కాగా తెలియకపోతే గుడి రాళ్లన్నీ చేరతాయి కానీ గుడి రాదు. 1.13లో ఆ పట్టిక చాలా శ్రద్ధగా తయారైంది. అందుకే బయటివాళ్లు చేర్చిన భాగాలు, అంటే మోడ్లు, లేని 1.12.2 వరల్డులు అందులోకి దాదాపు చెక్కుచెదరకుండా వచ్చాయి.

చిన్న చిన్న విషయాల్లో ఆ శ్రద్ధ తెలుస్తుంది. మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రిని ఆటలో కట్టేవాళ్లు ఆకుల బ్లాకులు వేలల్లో పరుస్తారు. మైన్‌క్రాఫ్ట్‌లో మొద్దుకు దూరంగా ఉన్న ఆకులు కొంతసేపటికి రాలిపోతాయి. మనిషి చేత్తో పెట్టిన ఆకులు మాత్రం రాలవు. పాత వెర్షన్‌లో ఈ తేడా ఆ రెండో నంబరులోనే దాగి ఉండేది. 1.13 దాన్ని కూడా చూసి, ఈ ఆకు చేత్తో పెట్టింది అన్న గుర్తును కొత్త రూపంలోకి తీసుకొచ్చింది. ఆ ఒక్క గుర్తు జారిపోయి ఉంటే మొద్దుల్లేని చోట పరుచుకున్న మర్రి కొమ్మలన్నీ మోడుబారిపోయేవి.

కంచెల దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా చూడాలి. పాత వెర్షన్లు ఒక కంచె పక్క కంచెకు కలిసిందా లేదా అన్నది ఫైల్లో రాసిపెట్టేవి కావు. చూపించేటప్పుడు అప్పటికప్పుడు లెక్కకట్టేవి. కొత్తవి ఫైల్లోనే రాస్తాయి. కాబట్టి మార్చేటప్పుడు ప్రతి కంచెకూ దాని పక్కన ఏముందో చూడాల్సి వస్తుంది. రెండు చంకులు కలిసే గీత మీద ఆ పక్క బ్లాకు వేరే చంకులో ఉంటుంది. డ్యామ్ పైన నడకదారి పొడవునా వేసిన రెయిలింగ్ ఇలాంటి గీతలను 90 సార్లు దాటుతుంది. ఎక్కడైనా రెండు కంచెలు విడిపోయినట్టు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. పక్కన ఏదో ఒక బ్లాక్ పెట్టి తీసేస్తే ఆట మళ్లీ లెక్కేసుకుంటుంది.

ఇక నేల సంగతి. మైన్‌క్రాఫ్ట్ వరల్డ్ మొత్తం ముందే తయారై ఉండదు. ఆడేవాడు వెళ్లిన కొద్దీ పుడుతుంది. ఒకసారి పుట్టిన చంకు ఫైల్లోకి వెళ్లిపోతుంది, దాని కొండలూ గుట్టలూ అలాగే ఉండిపోతాయి. అటువైపు ఇంకా ఎవరూ వెళ్లని నేల మాత్రం ఆ రోజు ఏ వెర్షన్ నడుస్తుంటే దాని ప్రకారం పుడుతుంది. 2013 అక్టోబర్‌లో వచ్చిన 1.7 వాతావరణ ప్రాంతాలు పంచే తీరును పూర్తిగా మార్చినప్పుడు పాత వరల్డుల అంచుల్లో వింతలు కనబడ్డాయి. ఎడారి ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు ఆగిపోయి పక్కనే మంచు మొదలయ్యేది. చదునైన నేల పక్కన నిట్టనిలువు గోడ లేచేది. చాలామంది వరల్డ్ పాడైపోయిందనుకున్నది అప్పుడే. నిజానికి పాడైందేమీ లేదు. రెండు వెర్షన్ల నేలలు పక్కపక్కన చేరాయి, అంతే.

1.18 ఈ సమస్యను తీర్చిన తీరు మెచ్చుకోవాల్సినది. పాత చంకుల దగ్గరికి వచ్చేసరికి కొత్త నేల తన ఎత్తును మెల్లగా పాతదానికి సర్దుకుంటుంది. వాతావరణ ప్రాంతాలు కూడా అక్కడ కలిసిపోతాయి. గోడలకు బదులు వాలు వస్తుంది. ఇంకో పెద్ద మార్పు భూమి కింద. పాత వరల్డుల్లో అడుగున, సున్నా దగ్గర, పగలని బెడ్‌రాక్ పొర ఉండేది. 1.18లో తెరిస్తే ఆ పొర స్థానంలో డీప్‌స్లేట్ అనే ముదురు రాయి వస్తుంది. దాని కింద మైనస్ 64 దాకా గుహలతో, ఖనిజాలతో కొత్త లోతు పుడుతుంది. పైనున్న డ్యామ్ ఒక్క బ్లాక్ కూడా కదలదు. ఏళ్లుగా ఇక తవ్వడానికేమీ లేదనుకున్న చోట మళ్లీ వజ్రాలు వెతుక్కోవచ్చు. పాత వరల్డ్‌ను ముందుకు తీసుకెళ్లమని గట్టిగా చెప్పడానికి ఇదొక్కటి చాలు. కొత్త వరల్డ్‌లో దొరికే లోతు ఇక్కడ కట్టిన ఊరి కిందే దొరుకుతోంది.

అన్నీ ఇలా పాత నేలలోకి రావు. 2020 జూన్‌లో వచ్చిన 1.16 ఆటలోని నెదర్ అనే పాతాళ లోకాన్ని మార్చింది. కానీ అంతకుముందే తిరిగేసిన నెదర్ చంకుల్లో ఆ కొత్త అడవులుండవు. నెథరైట్ అనే లోహం చేయడానికి కావలసిన ఖనిజమూ దొరకదు. ఇంకా వెళ్లని దిక్కుకు నడవాల్సిందే. సముద్రాలదీ ఇదే కథ. 1.13కు ముందు పడవలో తిరిగిన నీళ్ల అడుగున పగడాలు గానీ, నాచు అడవులు గానీ, మునిగిపోయిన ఓడలు గానీ కనిపించవు. ప్రాణులు మాత్రం నేల పాతదా కొత్తదా అని చూడవు. నీళ్లలో తిరిగే జాంబీలు పాత నదుల్లోకీ వస్తాయి. మూడు రాత్రులు పడుకోకపోతే ఆకాశం నుంచి ఫాంటమ్‌లు పాత డ్యామ్ మీదకూ దిగుతాయి. ఎందుకంటే నేల ఫైల్లో ఉంటుంది, ప్రాణులు ఎప్పుడు ఎక్కడ పుట్టాలన్నది ఆట నియమాల్లో ఉంటుంది.

నిజంగా మనసు కష్టపెట్టే మార్పులు ఈ నియమాల వైపు నుంచే వస్తాయి. బొమ్మలా నిలబడి ఉండేవి ఎప్పుడూ క్షేమం. పనిచేసే యంత్రాలే ఆగిపోతాయి. 2019 ఏప్రిల్‌లో 1.14 వచ్చేదాకా ఆట ఊరిని తలుపుల లెక్కతో గుర్తుపట్టేది. వరసగా తలుపులు పెట్టి, లోపల మనుషుల్ని ఉంచి, ఊరికి కాపలా కాసే ఇనుప మనుషులు, గోలెంలు, పుట్టేలా చేసి ఇనుము పండించుకునేవాళ్లు. 1.14 నుంచి ఊరంటే మంచాలు, పని చేసే బల్లలు, ఊరి గంట. తలుపుల లెక్క మీద కట్టిన ఇనుప ఫారాలన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. ఒక్క తలుపు పోలేదు, ఒక్క బ్లాక్ మారలేదు. కట్టడం ఉంది, ఫలితం లేదు. 1.13లో వస్తువులు నీళ్లలో మునగకుండా తేలడం మొదలైనప్పుడు నీటి ధారతో వస్తువులను కిందికి దింపి పోగేసే ఏర్పాట్లకు కూడా ఇదే గతి పట్టింది. ఇలాంటివి ఉన్నవాళ్లు అప్‌డేట్‌కు ముందే ఒక కాగితం మీద రాసుకోవాలి: ఏ యంత్రం ఎక్కడుంది, దేని మీద ఆధారపడి నడుస్తోంది అని. తర్వాత మళ్లీ కట్టుకోవడం సులువవుతుంది. నియమం మారి మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 1.18కు ముందు వెలుగు 7 లేదా అంతకంటే తక్కువ ఉన్న చోటల్లా రాక్షసులు పుట్టేవి. ఇప్పుడు పూర్తిగా చీకటైతేనే పుడతాయి. 1,450 మీటర్ల డ్యామ్ పొడవునా అడుగడుగునా కాగడాలు గుచ్చిన కుర్రాడు అందులో చాలావాటిని పీకేయొచ్చు. రాత్రిపూట గేట్ల మీద లైట్లు ఎక్కడ అందంగా ఉంటాయో అక్కడే ఉంచుకోవచ్చు.

సీడ్ గురించి గట్టిగా నాటుకున్న ఒక అపోహ ఉంది. వరల్డ్ పుట్టడానికి మూలమైన నంబరే సీడ్. అది రాసి పెట్టుకుంటే వరల్డ్ ఎప్పుడైనా తిరిగి వస్తుందని చాలామంది పిల్లలు నమ్ముతారు. సీడ్‌తో వచ్చేది చేయి తగలని నేల మాత్రమే. మనం పెట్టిన ఒక్క బ్లాక్ కూడా అందులో ఉండదు. ఆ నేలైనా అదే వెర్షన్‌లో అయితేనే అలాగే వస్తుంది. 1.12.2లో నది పారిన చోట అదే సీడ్‌తో 1.18లో కొండ లేవొచ్చు. నోటుబుక్కులో సీడ్ రాసుకోవడం తప్పు కాదు. కానీ అది ఫోల్డర్ కాపీకి బదులు కాదు.

పాత వరల్డ్‌కు కొత్త నేల దగ్గర్లోనే కావాలనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. ఊరికే ఎగురుకుంటూ వెళ్లిన చోట్ల కూడా చంకులు పుట్టి ఫైల్లో చేరిపోయి ఉంటాయి. అక్కడ ఏమీ కట్టి ఉండరు, కానీ ఆ నేల పాత వెర్షన్‌లో గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. ఎంసీఏ సెలెక్టర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వరల్డ్‌ను మ్యాపులా చూపించి, అక్కర్లేని చంకులను ఎంచుకుని చెరిపేయనిస్తుంది. చెరిపిన చోట మళ్లీ వెళితే కొత్త వెర్షన్ నేల పుడుతుంది. ప్రతి చంకులో ఆటగాళ్లు ఎంతసేపు గడిపారన్న లెక్క కూడా ఉంటుంది. ఆట ఆ లెక్కను సెకనుకు 20 చొప్పున పెంచుతుంది. కాబట్టి 6,000 అంటే ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల కంటే తక్కువ గడిపిన చంకులన్నీ తీసెయ్ అని ఒక్క మాటలో చెప్పేయొచ్చు. ఈ సౌకర్యమే ప్రమాదం కూడా. కాలువ వెంట వేసిన రైలు పట్టా మీద బండి ఒక్కో చంకును క్షణాల్లో దాటేస్తుంది. పట్టా వేసిన నాడు గడిపిన సమయమూ తక్కువే అయి ఉండొచ్చు. లెక్కను మాత్రమే నమ్మితే పట్టా మధ్యలో తెగిపోతుంది. మ్యాపును కళ్లతో చూసి, దారులున్న చంకులను పక్కనపెట్టి, ఆ తర్వాతే చెరపాలి.

మోడ్లు వాడిన వరల్డులది వేరే సంగతి. మోడ్ అంటే ఆటకు బయటివాళ్లు చేర్చిన భాగం. దాని బ్లాకులు ఆ మోడ్ ఉన్నంతకాలమే. ఆ మోడ్ కొత్త వెర్షన్‌కు రాకపోతే, మోడ్ లేకుండా వరల్డ్ తెరిచినప్పుడు దాని బ్లాకులున్న చోట ఖాళీ మిగులుతుంది. అలా సేవ్ అయ్యాక మోడ్ తిరిగి వచ్చినా బ్లాకులు రావు. 1.12.2 మీద మోడ్లు లెక్కలేనన్ని వచ్చాయి కాబట్టి ఎందరో ఆ వెర్షన్‌లోనే ఉండిపోయారు, అది తెలివైన నిర్ణయమే. ఉచితంగా దొరికే లువాంటీ అనే ఇలాంటి ఆట, 2024 దాకా మైన్‌టెస్ట్ పేరుతో ఉన్నదే, ఈ విషయంలో మరింత ఓర్పుగా వ్యవహరిస్తుంది. మోడ్ కనిపించకపోతే ఆ చోట తెలియని బ్లాక్ అని చూపిస్తుంది గానీ పేరును చెరిపేయదు. మోడ్ మళ్లీ పెట్టగానే బ్లాకులు వెనక్కి వస్తాయి. కట్టినవాళ్ల కష్టం మీద ఇలాంటి గౌరవం అన్ని ఆటల్లోనూ ఉండాలి.

అప్‌డేట్ చేయకపోవడానికి ఇంకో న్యాయమైన కారణం కంప్యూటర్ వయసు. 256 ఎత్తున్న చంకులో 65,536 బ్లాకులకు చోటుంటే, 384 ఎత్తున్న చంకులో 98,304కు ఉంటుంది. ఒకటిన్నర రెట్లు. 1.17 నుంచి ఆటకు ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ ప్రమాణం కనీసం 3.2 కావాలి. అన్న డిగ్రీకి కొన్న డెస్క్‌టాప్ తమ్ముడి చేతికి వచ్చిన ఇళ్లలో దాని గ్రాఫిక్స్ ఆ స్థాయికి చాలకపోవచ్చు. అలాంటప్పుడు ఆటను తెరిచే లాంచర్‌లో ఇన్‌స్టాలేషన్స్‌లోకి వెళ్లి 1.16.5 లేదా 1.12.2 ఎంచుకుని ఆడుకోవచ్చు. పాత వెర్షన్లను లాంచర్ ఎప్పుడూ అందుబాటులోనే ఉంచుతుంది. సాగర్ డ్యామ్ 1.12.2లో ఉంటే దాని అందం ఏమీ తగ్గదు.

ఫోన్లో ఆడేవాళ్లకు ఈ ఎంపిక లేదు. ఫోన్లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్ అనే వేరే రూపం. ప్లే స్టోర్ దాన్ని తనంతట తానే అప్‌డేట్ చేస్తుంది. వెర్షన్ ఎంచుకునే వీలుండదు. వరల్డులు కూడా వేరే పద్ధతిలో సేవ్ అవుతాయి. మామూలుగా తెరవగానే అవే కొత్త వెర్షన్‌లోకి మారిపోతాయి. అందులో పెద్దగా ఇబ్బంది రాదు. ఫోన్లలో వరల్డులు పోయేది అప్‌డేట్ వల్ల కంటే ఆట అన్‌ఇన్‌స్టాల్ అయినప్పుడు, ఫోన్ రీసెట్ చేసినప్పుడు, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసినప్పుడు. స్టోరేజీ నిండిందని ఇంట్లో పెద్దవాళ్లు ఆటను తీసేస్తే, యాప్ స్టోరేజీలో ఉన్న వరల్డులన్నీ దానితోపాటే వెళ్లిపోతాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆట వస్తుంది, వరల్డ్ రాదు. ఎక్కడి నుంచో తెచ్చుకున్న ఏపీకే ఫైలుతో ఆడుతూ, తర్వాత డబ్బు పెట్టి ప్లే స్టోర్ నుంచి కొనుక్కున్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. రెండిటి డిజిటల్ సంతకాలు వేరు కాబట్టి పాతది తీసేయకుండా కొత్తది ఎక్కదు. తీసేస్తే వరల్డ్ పోతుంది. అందరికంటే నిజాయితీగా దారి మార్చుకున్న పిల్లవాడే అందరికంటే ఎక్కువ పోగొట్టుకోవడం బాధ కలిగించే విషయం. దీనికి మందు ముందే చేసుకోవాలి. వరల్డ్ పక్కనున్న పెన్సిల్ గుర్తు నొక్కి, కిందికి వెళ్లి ఎక్స్‌పోర్ట్ చేస్తే వరల్డ్ మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో పెట్టుకోవాలి. కొత్త ఫోన్లో ఆ ఫైలు తెరిస్తే వరల్డ్ తిరిగి చేరుతుంది. ఇంట్లో ఒక్క ఫోనే ఉండి, అది అందరి చేతుల్లోనూ తిరిగే చోట ఈ పని నెలకోసారైనా చేయాలి.

కంప్యూటర్లో వరల్డ్‌ను ముందుకు తీసుకెళ్లే తీరు ఇలా ఉంటే మంచిది. ముందు ఆటను పూర్తిగా మూసేసి, సేవ్స్ ఫోల్డర్‌లోని వరల్డ్ ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. కాపీకి పేరు పెట్టేటప్పుడు వెర్షన్ నంబరు కూడా చేర్చాలి. ఏడాది తర్వాత చూస్తే ఏ కాపీ ఏ వెర్షన్‌దో గుర్తుండదు కదా. ఇది తప్పించుకోలేని పని, ఎందుకంటే ఒకసారి కొత్త వెర్షన్‌లో సేవ్ అయిన చంకును పాత వెర్షన్ సరిగ్గా చదవలేదు. వెనక్కి వెళ్లే దారి ఆ కాపీ ఒక్కటే. పాత వరల్డ్ తెరుస్తున్నప్పుడు ఆట కూడా బ్యాకప్ తీసి తెరవనా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను చదవకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. తర్వాత లాంచర్‌లో కొత్త ఇన్‌స్టాలేషన్ తయారుచేసి, దానికి వేరే ఫోల్డర్ ఇచ్చి, కాపీని అందులో పెట్టి తెరవాలి. అసలుదాన్ని ముట్టుకోకూడదు. 2012కు ముందటి వరల్డులైతే నేరుగా తాజా వెర్షన్‌లోకి దూకించే కంటే మధ్యలో 1.12.2లో ఒకసారి తెరిచి, సేవ్ చేసి, ఆ తర్వాత ముందుకు తీసుకెళ్లడం మేలు.

తెరిచాక ముందు చూడాల్సినవి పెట్టెలు, రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటులా పనిచేసే పదార్థం) యంత్రాలు, పెంపుడు జంతువులు. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఆటలో ప్రతి ఖాతాకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. మచ్చిక చేసుకున్న కుక్క తన యజమానిని పేరుతో కాకుండా ఆ సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. కొనని లాంచర్‌తో ఆడినప్పుడు ఆ సంఖ్య పెట్టుకున్న పేరు నుంచి పుడుతుంది. ఆట కొన్నాక వచ్చే సంఖ్య వేరు. ఒక్కడే ఆడుకునే వరల్డ్‌లో సంచిలోని వస్తువులు అలాగే ఉంటాయి. కుక్క మాత్రం యజమానిని గుర్తుపట్టదు, కూర్చోమన్నా కూర్చోదు. సెలవుల్లో ఒకే వైఫైలో చేరి కలిసి కట్టిన స్నేహితుల వస్తువులైతే ఆ సంఖ్య పేరు మీదున్న ఫైళ్లలోనే ఉంటాయి. ఖాతా మారినవాళ్లు లోపలికి వస్తే ఖాళీ చేతులతో దిగుతారు. ఆ ఫైళ్లు ప్లేయర్‌డేటా ఫోల్డర్‌లో భద్రంగానే ఉంటాయి. పాత సంఖ్య పేరున్న ఫైలుకు కొత్త సంఖ్య పేరు పెడితే వస్తువులు వెనక్కి వస్తాయి.